కలన గణిత తరగతి: కట్టుబాట్లు, వాని కారణములు



పదవ తరగతి ముగించి, ఇంటర్మీడియట్‌లో గణితమును ప్రధానముగా గైకొన్న బాలబాలికలకు ఆ రెండేండ్లలో ఒక క్రొత్త శాస్త్రముతో పరిచయము కలుగును. దానికి ఇంగ్లీషున కాల్క్యులస్ అనియు, మన భాషలో కలన గణితమనియు పేరు. కొన్ని దేశములలో దీనిని ఉన్నత పాఠశాలలోనే బోధింతురు. మనకు అది పదునొకండవ, పండ్రెండవ తరగతులకు సాటియైన జూనియర్ కళాశాల చదువులో భాగము. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పము ప్రాంతములలో ఏటేట ఎందరో పిల్లలు ఈ తరగతిలో చేరుచున్నారు. వారిలో పలువురు తమ యింట ఈ చదువు చదువుచున్న మొదటివారు. పాఠములో జారిపోయిన మెట్టును తిరిగి చూపువారు అట్టివారికి ఇంటిలో నుండరు. కావున వారికి తరగతియే సర్వస్వము. ఆ తరగతి ఎట్టి కట్టుబాట్లతో నడువవలెను, అది విద్యార్థినుండి ఏమి కోరవలెను, విద్యార్థి దానినుండి ఏమి కోరవచ్చును అనునదే నేటి ప్రసంగ విషయము.

గణితములో ఉత్తరము మాత్రము వ్రాసి, దానిని చేరిన దారిని చూపనివానికి పూర్తి మార్కులీయము. తరగతి కట్టుబాట్లకును ఈ న్యాయమే వర్తింపవలెను. కారణము చెప్పలేని కట్టుబాటు దారి చూపని ఉత్తరము వంటిది. ఆ కారణము ఉపాధ్యాయుని ఇష్టాయిష్టములలో గాక శాస్త్రస్వభావములోనే దొరకవలెను. కనుక ముందు ఆ శాస్త్రమెట్టిదో కొంచెము చూతము.

పలమనేరునుండి చిత్తూరునకు దిగు బస్సు మొగిలి ఘాటు మీదుగా పోవును. ప్రయాణదూరమును పట్టిన కాలముచే భాగించినచో సగటు వేగము వచ్చును. ఇది ఏడవ తరగతి పిల్లవాడును చేయగలడు. కాని ఘాటులోని ఒక మలుపునొద్ద, ఆ ఒక్క క్షణమున, బస్సు వేగమెంత? ఒక్క క్షణములో బస్సు కదలిన దూరము సున్న; గడచిన కాలమును సున్న. సున్నను సున్నచే భాగించుట గణితమున చెల్లదు. అయినను ఆ వేగమొకటి యున్నదని మలుపు తిప్పు డ్రైవరు ఎరుగును. ఈ చిక్కును విప్పుటకే కలన గణితము పుట్టినది.

విప్పు విధమిది. లోతైన బావిలోనికి ఒక రాయి విడిచితిమనుకొందము. గాలి అడ్డును లెక్కింపనిచో, రాయి పడిన దూరము మీటర్లలో, గడచిన సెకనుల వర్గమునకు సుమారు 5 రెట్లు. 2 సెకనులకు 20 మీటర్లు పడును. 2.1 సెకనులకు 22.05 మీటర్లు. ఈ నడుమ గడచిన పదవవంతు సెకనులో సగటు వేగము సెకనుకు 20.5 మీటర్లు. వ్యవధిని నూరవవంతునకు తగ్గించినచో 20.05; వెయ్యవవంతునకు తగ్గించినచో 20.005. వ్యవధి సన్నగిల్లుకొలది ఈ సంఖ్యలు 20ని సమీపించుచున్నవి. మనము వ్యవధిని సున్న చేయలేదు. సున్నకు ఎంతయైన చేరువ చేయుచు, ఫలితము దేనిని సమీపించుచున్నదో కనుగొంటిమి. ఆ 20కి అవధి యని పేరు. ఇట్లు మార్పురేటును కనుగొను పద్ధతి అవకలనము.

దీనికి ఎదురు పని సమాకలనము. పలమనేరు మట్టిబొమ్మలకు, కుండలకు పేరుగన్న ఊరు. ఒక కుండలో ఎన్ని నీళ్లు పట్టునో లెక్కతో కనుగొనవలెననిన, దాని లోపలి చోటును మీదినుండి క్రిందికి పలుచని బిళ్లలుగా కోసినట్లు ఊహింపవలెను. ఒక్కొక్క బిళ్ల వైశాల్యమును మందముతో హెచ్చించి, అన్నిటిని కూడవలెను. బిళ్లలు పలుచనైనకొలది మొత్తము నిజమైన ఘనపరిమాణమును సమీపించును. ఇచటను పని చేసినది అవధియే.

ఈ భావము మనుష్యులకు సులభముగా దొరకలేదు. భాస్కరాచార్యులు 1150లో రచించిన సిద్ధాంత శిరోమణిలో గ్రహముల తాత్కాలిక గతిని, అనగా ఆయా క్షణపు గమనమును, విచారించిరి. కేరళదేశమున పదునాల్గవ శతాబ్దివాడైన సంగమగ్రామ మాధవుడు అనంతశ్రేఢులతో వృత్తపరిధిని గణించెను. పదునేడవ శతాబ్దిలో న్యూటను, లైబ్నిజు వేర్వేరుగా అవకలన సమాకలనములను ఒక శాస్త్రముగా కూర్చిరి. అయినను అవధి యనగా నేమో గట్టిగా చెప్పు ప్రయత్నము ఫ్రాన్సు దేశీయుడైన కోషీ గ్రంథముతో 1821లో గాని నిలద్రొక్కుకొనలేదు. అనగా మహామేధావులకే సుమారు 150 సంవత్సరములు పట్టినది. పదునారేండ్ల బిడ్డ ఈ భావమునొద్ద రెండు మూడు వారములు తడబడినచో అది మందబుద్ధికి గురుతు కాదు. విషయము కఠినమని మాత్రమే దాని అర్థము. ఈ మాటను తరగతి మొదటి దినముననే చెప్పవలెను. చెప్పనియెడల మంచి బిడ్డలు పలువురు తమకు గణితము రాదని తీర్మానించుకొని వెనుకకు తగ్గుదురు. ఆ నష్టము వారి యింటిది మాత్రమే కాదు, ఊరిది.

ఇక కట్టుబాట్లు.

మొదటిది పునాదికి సంబంధించినది. కలన గణితములో తప్పిపోవువారిలో పెక్కురు నిజముగా తప్పునది కలన గణితములో గాదు, బీజగణితములోను, త్రికోణమితిలోను. 9ని 16ను కూడినచో 25. దాని వర్గమూలము 5. వేర్వేరుగా వర్గమూలములు తీసి కూడినచో 7. ఈ రెండును ఒకటి కావని సంఖ్యలలో చూచిన పిల్లవాడు ఒప్పుకొనును. అక్షరములు వచ్చిన వెంటనే మరచును. కావున అవధి పాఠమునకు ముందు కొన్ని దినములు భిన్నములు, ఘాతాంకములు, కారణాంకములు, త్రికోణమితి సూత్రములు పునశ్చరణ చేయుట విధి. ఆ దినములలో పెట్టు పరీక్షకు మార్కులు కట్టరాదు. అది రోగి నాడి చూచుట వంటిది. నాడి చూచి శిక్ష వేయు వైద్యుడుండడు గదా.

రెండవది హాజరు. ఇంటర్మీడియట్ విద్యార్థికి 75 శాతము హాజరు కావలెనన్న నియమము అందరెరిగినదే. కాని కలన గణితమునకు ఆ లెక్క చాలదు. చరిత్ర పాఠములో ఒక రాజవంశము తప్పినను తరువాతి వంశము అర్థమగును. ఇచట అవధి లేక అవకలనము లేదు. అవకలనము లేక స్పర్శరేఖ లేదు, గరిష్ఠ కనిష్ఠములు లేవు. అవకలనము రానివానికి సమాకలనము అసలే రాదు. పోయిన నాలుగవ వంతు అవధి చెప్పిన దినములే యైనచో, మిగిలిన ముప్పాతిక వంతు హాజరైనను ఫలము తక్కువ.

అయితే ఈ ప్రాంతపు పిల్లలు తరగతి తప్పుటకు కారణములు కలవు. గంగవరము, బైరెడ్డిపల్లె, పెద్దపంజాణి, వి.కోట మండలముల పల్లెలనుండి పలమనేరునకు బస్సులో వచ్చువారు బస్సు తప్పినచో పాఠము తప్పుదురు. టమాటా కోతల దినములలో ఇంట ప్రతి చేయియు అవసరము. పట్టుపురుగులు నాలుగవ జ్వరము దాటి లేచిన తరువాత రాత్రింబవళ్లు మల్బరి ఆకు మేయును. ఆ వారము తల్లిదండ్రులు బిడ్డను నిలుపుకొన్నచో వారిని తప్పుపట్టుట సులభము, తీర్చుట కష్టము. కావున కట్టుబాటు రెండువైపుల నుండవలెను. రానున్న గైరుహాజరును విద్యార్థి ముందుగా తెలుపవలెను. తప్పిన పాఠపు సారమును, చేయవలసిన లెక్కలను తరగతి ఒక పుస్తకములో దినదినము వ్రాసి అందుబాటులో నుంచవలెను. తిరిగి వచ్చినవాడు మూడు దినములలోపల ఆ లెక్కలు చేసి చూపవలెను. గంటలోని మొదటి పది నిమిషములు నిన్నటి పాఠపు నెమరువేతకు కేటాయించినచో, బస్సు ఆలస్యమైన పిల్లకు క్రొత్త పాఠము తప్పదు. సకాలమున వచ్చినవానికి పాతది గట్టిపడును.

మూడవది ఇంటిపని. దినమునకు ముప్పది లెక్కలిచ్చుట వలన పిల్లలు ఒకరి పుస్తకమునుండి ఒకరు ఎత్తివ్రాయుట నేర్తురు. ఐదు లెక్కలు చాలును: మూడు నేటి పాఠములోనివి, ఒకటి గతవారపుది, ఒకటి కొంచెము ఆలోచింపవలసినది. ఆ సాయంత్రమే చేయవలెను. క్రొత్త భావము చల్లారక మునుపు చేసిన ఐదు లెక్కలు ఆదివారమునాడు చేసిన ఇరువదికి సమానము. ఇద్దరు ముగ్గురు కలిసి చేయుట దోషము కాదు. కాని వ్రాసినదానిలో ఏ మెట్టునైనను బల్లనొద్ద నిలిచి వివరింపగలిగి యుండవలెను. వివరింపలేనిచో దానిని తిరిగి చేయవలెను. శిక్ష అంతకుమించి యుండరాదు.

నాల్గవది పరీక్ష. ఆంధ్రప్రదేశ్ ఇంటర్మీడియట్ బోర్డు చిరకాలము మొదటి సంవత్సరపు గణితమును రెండు పత్రములుగా నడిపినది. ఒక్కొక్కటి 75 మార్కులది. అందు 7 మార్కుల పెద్ద ప్రశ్నలు ఏడు. వానిలో ఐదు వ్రాసిన చాలును. ఏడింటిలో కొన్ని రేఖలనుగూర్చినవి, కొన్ని అవకలనమును గూర్చినవి. ఈ ఎంపిక పిల్లలకు ఊపిరి పీల్చుకొను చోటుగా ఉద్దేశింపబడినది. కాని పలుచోట్ల అది అధ్యాయములను విడిచిపెట్టు ఉపాయముగా మారినది. మొదటి సంవత్సరమున గరిష్ఠ కనిష్ఠములను విడిచినవాడు రెండవ సంవత్సరమున దాని ఋణము తీర్చవలసి వచ్చును. 2025-26 విద్యాసంవత్సరమునుండి మొదటి సంవత్సరమున ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యక్రమము వచ్చినది; రెండు పత్రములు కలిసి 100 మార్కుల ఒకే పత్రమైనది. ఆ క్రమములో పదునొకండవ తరగతి పుస్తకమున అవధులకు, అవకలజములకు ఒక్క అధ్యాయమే కలదు. అదియు పుస్తకము చివరి భాగమున. పండ్రెండవ తరగతి పుస్తకమునందలి పదమూడు అధ్యాయములలో ఐదు కలన గణితమువే. ఆ ఒక్క అధ్యాయమును ఏడాది చివర తొందరలో దాటించినచో తరువాతి ఐదును ఇసుకపై కట్టిన గోడలగును. కావున విడుపు అధ్యాయములు లేవనునది ఈ తరగతి కట్టుబాటు కావలెను. దానికి తగిన కాలము మిగుల్చుట ఉపాధ్యాయుని పూచీ.

మార్కులు దారికి ఈయవలెనంటిని. ఒక ఉదాహరణము. పుంగనూరు జాతి పొట్టి ఆవులను కాపాడు పశు పరిశోధనా స్థానము పలమనేరులో నున్నది. ఒక రైతు దూడలకు గోడ నానుకొని దీర్ఘచతురస్రపు దొడ్డి కట్టదలచెను. గోడవైపు కంచె అక్కరలేదు. తక్కిన మూడు వైపులకు 40 మీటర్ల తీగ యున్నది. దొడ్డి మిక్కిలి పెద్దది కావలెననిన కొలతలేమి? వెడల్పు రెండు వైపుల పోగా మిగిలిన తీగ పొడవు. వైశాల్యము, వెడల్పునకు 40 రెట్లనుండి వెడల్పు వర్గమునకు 2 రెట్లు తీసివేసినంత. దాని అవకలజము, 40నుండి వెడల్పునకు 4 రెట్లు తీసివేసినంత. అది సున్న యగునపుడు వెడల్పు 10, పొడవు 20, వైశాల్యము 200 చదరపు మీటర్లు. రెండవ అవకలజము ఋణసంఖ్య గనుక ఇది గరిష్ఠమే. ఒకడు 200 అని మాత్రము వ్రాసెను. వేరొకడు ఈ మెట్లన్నియు వ్రాసి కడపట హెచ్చవేతలో తప్పెను. ఈ తరగతిలో రెండవవానికే ఎక్కువ మార్కులు. ఏలయన వానికి నూరు దొడ్లు కట్టు విద్య వచ్చినది. మొదటివానికి ఒక దొడ్డి ఎట్లో దొరికినది.

కడపటి మెట్టు, అనగా గరిష్ఠమే యని పరీక్షించుట, అలంకారము కాదు. ఒక సంఖ్య యొక్క ఘనమును తీసికొనుడు. సున్ననొద్ద దాని అవకలజము సున్నయే; కాని అచట గరిష్ఠమును లేదు, కనిష్ఠమును లేదు. మెట్టు విడుచువాడు ఇట్టిచోటనే మోసపోవును.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి పిల్లలు ఉన్నత పాఠశాలలో ఏపీ కాల్క్యులస్ అను పరీక్ష వ్రాయుచుందురు. అందు వివరించి వ్రాయవలసిన ప్రశ్నలు ఆరు. ఒక్కొక్కటికి 9 మార్కులు. అవి కారణమునకు, మెట్లకు పంచబడియుండును. ఇక మన ఈఏపీసెట్ ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలకు 180 నిమిషములు. అందు 80 గణితమునవి. అచట దారి అడుగరు, గురుతు పెట్టిన ఉత్తరమే చూతురు. ఆ వేగమును అభ్యసింపవలదని చెప్పను. పలువురి జీవనోపాధి దానితో ముడిపడియున్నది. కాని దారి తెలిసినవాడు వేగము నేర్చుకొనగలడు. వేగమునే నేర్చినవాడు ప్రశ్న కొంచెము మారినచో నిలిచిపోవును.

ఐదవది యంత్రములు. మన ఇంటర్మీడియట్ గణిత పరీక్షలో గణనయంత్రమునకు చోటు లేదు. అమెరికా పరీక్షలో కొంత భాగమునకు అనుమతి కలదు. నేడు చేతి ఫోనులో లెక్కను ఫొటో తీసినచో మెట్లతోసహా ఉత్తరము వచ్చుచున్నది. దీనిని పూర్తిగా నిషేధించుట సాగని పని. లెక్కను స్వయముగా చేసిన పిమ్మట సరిచూచుకొనుటకు దానిని వాడవచ్చును. చేయుటకు మునుపు వాడరాదు. తరగతిలో మాత్రము ఫోను సంచిలోనే యుండవలెను. ఇతరుడు కుండ చేయుచుండగా ఎంతసేపు చూచినను మన చేతికి సారె పట్టుబడదు.

ఆరవది భాష. పదవ తరగతి వరకు తెలుగున చదివిన పిల్లలు ఇచటకు వచ్చి ఇంగ్లీషు మాధ్యమమున చేరుదురు. వారికి కష్టమైనది గణితమో భాషయో కొన్ని నెలలవరకు ఎవరికిని తెలియదు. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్ గణితమును తెలుగున ప్రకటించి మంచి మాటలను స్థిరపరచినది: ఫంక్షన్‌కు ప్రమేయము, లిమిట్‌కు అవధి, కంటిన్యుయిటీకి అవిచ్ఛిన్నత, డెరివేటివ్‌కు అవకలజము. పదునొకండవ శతాబ్దిలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చిన జాతికి ఇవి బరువు కావు. విద్యార్థి పుస్తకపు చివరి పుటలలో రెండు భాషల పేర్లను ప్రక్కప్రక్కన వ్రాసికొనవలెను. ప్రశ్న తెలుగున అడుగుటకును, వివరణ తెలుగున చెప్పుటకును తరగతిలో పూర్ణ స్వేచ్ఛ యుండవలెను. పరీక్షలో వ్రాయు భాష వేరైనను భావము పుట్టు భాష తల్లిభాషయే.

ఇంతవరకు చెప్పినవి చాలవరకు విద్యార్థి విధులు. ఉపాధ్యాయుని విధులు వీనికి తీసిపోవు. దిద్దిన పరీక్షాపత్రములను వారములోపల తిరిగి ఈయవలెను. నెల దాటిన పిమ్మట వచ్చిన దిద్దుబాటును పిల్లవాడు చదువడు. తప్పిన లెక్కలను తిరిగి చేసి, తప్పెచట జరిగెనో ఒక వాక్యమున వ్రాసినవానికి పోయిన మార్కులలో సగము ఈయవలెను. తరగతికి వెలుపల వారమునకు రెండు వేళలు సందేహములకై నియతముగా కూర్చుండవలెను. ఆ వేళలు పల్లెలకు పోవు కడపటి బస్సునకు ముందే ముగియవలెను. లేనిచో ఆ సహాయము ఊరిలోని పిల్లలకే దక్కును; ముఖ్యముగా ఆడపిల్లలకు దూరమగును. ప్రశ్న వేసినవానిని నవ్వులపాలు చేయరాదు. సున్నను సున్నచే ఏల భాగింపరాదని అడిగిన పిల్ల శాస్త్రపు గుండెకాయను ముట్టుకొన్నది. ఆమెను కూర్చుండుమనుటకన్న అపచారము లేదు.

తలిదండ్రులకొక మనవి. ఈ పాఠము మీకు తెలియకపోవచ్చును, తెలియనక్కర లేదు. ఎన్ని మార్కులు వచ్చినవని నెలకొకసారి అడుగుటతోపాటు, ఈ దినము ఏమి నేర్చితివో నాకు చెప్పుమని వారమునకొకసారి అడుగుడు. రాయి పడు వేగమును తల్లికి తెలియునట్లు చెప్పగలిగిన బిడ్డకు ఆ పాఠము వచ్చినట్లే. సాయంత్రము ఒక గంట కలతలేని చోటును, వెలుతురును కల్పింపుడు. అందును ఆడపిల్లకు ఆ గంట ఇంటిపనిలో కరగిపోకుండ చూడుడు.

ఒకప్పుడు ఇంటర్మీడియట్ చదువు పెద్ద కళాశాలలకు పరిమితమై యుండెను. ఈ పీఠభూమి పిల్లలకు 1915లో అనిబిసెంటమ్మ మదనపల్లెలో స్థాపించిన కళాశాల వంటి కొన్నిటిని వెదకుకొని పోవలసి వచ్చెడిది. 1971 చట్టముతో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడినది. జూనియర్ కళాశాలలు చిన్న పట్టణములకును వ్యాపించినవి. నేడు తరగతిగది చేరువనే యున్నది. గదిలో చేరిన ప్రతి బిడ్డకును శాస్త్రము చేరువ చేయుట మిగిలిన పని. కట్టుబాట్లు ఆ పనికే గాని వడపోతకు కావు. ఏ నియమమునకైనను కారణమేమని విద్యార్థి వినయముతో అడుగవచ్చును. ఉపాధ్యాయుడు ఓరిమితో చెప్పవలెను. కారణము దొరకని నియమమును తీసివేయవలెను. దొరికినదానిని ఇరువురును పాటింపవలెను.